ఎవరి ఇష్టం? ఎవరి పూచీ?

ముఖానికి వేసే ఫిల్లర్ ఇంజెక్షన్ల గురించి నోరెత్తితే "అది ఆమె ఇష్టం, మీకెందుకు?" అంటున్నారు. స్త్రీకి తన శరీరంపై హక్కుందని ఇన్నేళ్లుగా మనం చెప్పిన మాటనే సౌందర్య వ్యాపారం ఎత్తుకుపోయి మనకే అప్పజెబుతోంది. సరే, హక్కు గురించే మాట్లాడదాం.

ముడతలు పూడ్చడానికీ, పెదవులు లావు చేయడానికీ చర్మం కింద ఎక్కించే జెల్ ఇది. ఎక్కువగా వాడేది హయలూరోనిక్ ఆమ్లం. ఒంట్లో సహజంగా ఉండే పదార్థమేనని ప్రకటనలు ధైర్యం చెబుతాయి. సూది రక్తనాళంలో దిగితే ఆ జెల్లే రక్తానికి అడ్డుపడుతుందనీ, చర్మం చచ్చిపోవచ్చనీ, కంటికి వెళ్లే నాళం మూసుకుపోతే చూపే పోవచ్చనీ చెప్పవు. అమెరికా ఎఫ్‌డిఎ 2015లోనే దీనిపై హెచ్చరించింది. ఈ జెల్‌ను కరిగించే హయలూరోనిడేజ్ అనే మందు ఉంది గానీ, సూది వేసే చోట అది సిద్ధంగా ఉండాలి, ప్రమాదాన్ని గుర్తుపట్టే మనిషీ ఉండాలి. ఎక్కించింది సిలికాన్ అయితే ఆ మందూ పనిచేయదు. తన ముఖంలోకి పోతున్నదేమిటో తెలియని స్త్రీ దేన్ని ఎంచుకున్నట్టు?

ఇంగ్లండు సంగతి చూడండి. రొమ్ముల్లో పెట్టే నాసిరకం పిఐపి సిలికాన్ సంచుల కుంభకోణం తర్వాత ప్రభుత్వం వేసిన బ్రూస్ కియో కమిటీ 2013లో నివేదిక ఇచ్చింది. శస్త్రచికిత్స లేని ఇలాంటి సౌందర్య చికిత్సలు చేయించుకునేవారికి, పెన్నో పళ్ల బ్రష్షో కొనుక్కునేవారికి ఉన్నపాటి రక్షణే ఉందని రాసింది. ఇది గుండె శస్త్రవైద్యుడి నాయకత్వంలోని కమిటీ మాట, మనలాంటివాళ్ల "ఆవేశం" కాదు! అయినా పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అందం కోసం ఫిల్లర్లు వేయడాన్ని నిషేధించడానికి 2021 దాకా పట్టింది. లైసెన్సుల పద్ధతి పెట్టే అధికారం ప్రభుత్వానికి 2022 చట్టంతో గానీ రాలేదు. ఈలోగా దుకాణాలు ఆగాయా?

ఇక ఇష్టం సంగతి. అరవై దాటిన మగవాడు హీరోగా చెల్లుబాటవుతూ, ముప్పై అయిదేళ్ల నటి వదిన వేషాలకు వెళ్లాల్సిన సినిమా పరిశ్రమ మనది. అక్కడ ముఖం కాపాడుకోవడం ఇష్టమా, ఉద్యోగ షరతా? పైగా జెల్ కొన్ని నెలల్లోనో, ఏడాదికో కరిగిపోతుంది. మళ్లీ డబ్బు, మళ్లీ సూది.

వేయించుకున్న స్త్రీని నేను తప్పుపట్టను. అడగాల్సింది వేసేవాళ్లని. సూదిలో ఉన్నదేమిటి, ఏ కంపెనీది, బ్యాచ్ నంబరెంత, మీ చదువేమిటి, చూపు పోతే పూచీ ఎవరిది? ఇవన్నీ డబ్బు కట్టకముందే, ఆమె చదవగలిగే భాషలో, సంతకంతో రాసివ్వాలి.