'చెక్' – చిన్న మాట, పెద్ద ప్రయాణం

ఈ మాట మనది, ఆ మాట పరాయిది అని గిరి గీసి, పరాయిమాటను వెళ్ళగొట్టిననాడే భాష శుద్ధి పొందుతుందని కొందరి నమ్మకం. తెలుగు, ఉర్దూ పక్కపక్కన చదువుకొనే మన కళాశాలలో ఈ వాదాన్ని నిదానంగా పరిశీలించడం అవసరం. అందుకు ఒక చిన్న ఇంగ్లీషు మాట చాలును. అది 'చెక్'.

బ్యాంకులో ఇచ్చేది చెక్కు. గళ్ళ గుడ్డ చెక్. లెక్క సరిచూస్తే చెక్ చేయడం. దారిలో బండ్లను ఆపే చోటు చెక్‌పోస్టు. చదరంగంలో రాజు ఎదుట పలికేదీ చెక్కే. పొంతన లేనట్లు కనిపించే ఈ అర్థాలన్నిటికీ మూలం ఒక్కటే: పారశీక భాషలోని 'షా', అనగా రాజు.

మన చతురంగం పారశీకంలో 'చత్రంగ్', అరబ్బీలో 'షత్రంజ్' అయినది. ఆట ఐరోపాకు చేరగా, రాజును హెచ్చరించే 'షా' అన్న కేక ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో 'చెక్'గా మారినది. రాజు నడకకు అడ్డు తగిలింది కనుక ఆ మాటకు ఆపుట అనీ, ఆపి చూచుట కనుక తనిఖీ అనీ అర్థాలు పెరిగినవి. చదరంగపు బల్లను పోలిన గుడ్డకు ఆ పేరే వచ్చినది. 12వ శతాబ్దంలో ఇంగ్లండు రాజోద్యోగులు గళ్ళ గుడ్డ పరచిన బల్లపై బిళ్ళలు జరిపి లెక్కలు చూచేవారు. అందువల్లనే ఆ ఖజానాకు 'ఎక్స్‌చెకర్' అని పేరు. 18వ శతాబ్దంలో మోసాన్ని అరికట్టేందుకు బ్యాంకు పత్రానికి ఉంచుకొన్న ప్రతిభాగం 'చెక్'. క్రమంగా పత్రమే చెక్కు అయినది.

అయితే రూపం ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. శిల్పి రాతిని చెక్కుటలోని 'చెక్కు' అచ్చ తెలుగు. దానికీ బ్యాంకు చెక్కుకూ బంధుత్వం లేదు. పోలికను చూచి తొందరపడక, చరిత్రను వెదకడమే శాస్త్రం.

ఇంగ్లీషువారు ఈ అతిథిని వెళ్ళగొట్టలేదు, ఇల్లు అప్పగించారు. వారి భాష అందువల్ల చిక్కిపోలేదు. ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఖర్చు, జమ, వసూలు, హాజరు అన్న మాటలను తీసివేస్తే మన కార్యాలయపు లెక్క ఒక్క పుట సాగదు. చదరంగం మన నుండి పోయినది; 'చెక్' మనకు తిరిగి వచ్చినది. ఇందులో ఎవరు ఎవరికి ఋణపడినట్లు?

విద్యార్థులు గైడులలోని అర్థాలు వల్లె వేయుటకు బదులు వారానికొక మాట పుట్టుకను నిఘంటువులో వెదకుట మంచిది. గ్రంథాలయంలో ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు వ్యుత్పత్తి నిఘంటువులను ఒకే బల్లపై అందుబాటులో ఉంచవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు భాషల పేరిట కలహించరు.