పోయిన మంగళవారం ఏం చేశాం?

‘అబ్బా’ అంటే డ్యూటీ దిగి మంచమెక్కేటప్పుడు మనం అనే మాట కాదు. స్వీడన్‌లోని ఒక పాటల జట్టు పేరు. అందులోని నలుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నారు. గల్ఫ్‌లో ఫిలిప్పీన్స్ వాళ్లతో పనిచేసేవారికి ‘డ్యాన్సింగ్ క్వీన్’ చెవిన పడే ఉంటుంది. నేను చెప్పేది ఆ హుషారు పాట గురించి కాదు. 1982లో వచ్చిన ‘ద డే బిఫోర్ యూ కేమ్’ గురించి. బ్రిటన్‌లో అది 32వ స్థానం దాటలేదు. 1992లో వేసిన ‘అబ్బా గోల్డ్’ సంకలనంలోనూ దానికి చోటు దొరకలేదు.

దాదాపు ఆరు నిమిషాల పాట. పల్లవి లేదు. తన బతుకులోకి ఎవరో వచ్చిన రోజుకు ముందు రోజు ఎట్లా గడిచిందో ఒకామె చెబుతుంది. రైలు, ఆఫీసు, కాగితాలు, మళ్లీ రైలు, దారిలో కొన్న చైనా భోజనం, టీవీలో ‘డల్లాస్’ సీరియల్, నిద్ర. అంతే. ఏడవదు, ఎవర్నీ తిట్టదు. కానీ చాలావాటికి ‘చేశాను’ అనదు, ‘చేసి ఉంటాను’ అంటుంది. ఆమెకు ఆ రోజు గుర్తులేదు మరి! అన్ని రోజులూ ఒక్కతీరుగా ఉంటే ఒకదాన్ని విడిగా ఎట్లా గుర్తుపెట్టుకుంటాం? వచ్చినవాడు మేలు చేశాడో, ముంచి పోయాడో కూడా పాట తేల్చదు.

మన గల్ఫ్ పాటల్లో అమ్మ, అప్పు, విమానం, పెట్టెలో తిరిగొచ్చిన శవం ఉంటాయి. అవన్నీ నిజాలే, కాదనను. కానీ మధ్యలో గడిచే వేల రోజుల మీద పాటేది? చీకట్లో లేవడం, బాత్రూం దగ్గర లైను, బస్సు, సైటు, మెస్సు, ఇంటికి ఫోను. సూపర్‌వైజర్‌ని కాబట్టి రోజూ అరవై మంది టైంషీటు రాస్తాను. గంటలు, ఓటీ, లెక్క పక్కా. వాళ్లలో ఎవరినైనా పోయిన మంగళవారం ఏం చేశావని అడగండి. ‘‘డ్యూటీకే పోయుంట సార్’’ అంటాడు.

ఇంట్లోవాళ్లు ‘‘ఏం సంగతులు?’’ అంటే ‘‘ఏం లేవు, అంతా మంచిగనే’’ అంటాం. అది అబద్ధమేం కాదు. జీతం ఆగితే చెప్పుకోవడానికి ఒక సంగతైనా ఉంటుంది. ఏమీ జరగకుండా పోయిన ఎనిమిదేళ్ల గురించి పిల్లలకు ఏం చెప్తాం? దాన్ని కష్టం కింద ఎవరూ జమకట్టరు, మనం కూడా కట్టం. అప్పు కన్నా ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

పాట రాసిన బ్యోర్న్, పాడిన అగ్నెతా అప్పటికే విడాకులు తీసుకున్న భార్యాభర్తలు. అయినా మాటల్లో ఎక్కడా ఆ గోడు పెట్టలేదు. సెలవు రోజు ఒకసారి వినండి. ఇంగ్లిషు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. వెనక ఫ్రీదా గొంతు మాటల్లేకుండా సాగుతుంది. అది చాలు.