టానిక్ డబ్బా టీకా కాదు

మంత్రాలయం, కోసిగి, కౌతాళం పల్లెల్లో కాపరులకు తొలకరికి ముందే చిటుక రోగం టీకా అందాలి. అది ఆలస్యమైన చోట ‘ఇమ్యూనిటీ బూస్టర్’ డబ్బా ముందు చేరుతుంది.

రోగనిరోధక శక్తిని పెంచే మందులే లేవని మేము అనడం లేదు. నట్టల మందుగా మనకు తెలిసిన లెవామిసోల్‌కు ఆ గుణం ఉంది. విటమిన్ ఇ, సెలీనియం లోపించిన జీవాలకు వాటిని ఇస్తే మేలే. కానీ అవి టీకాకు తోడు మాత్రమే, బదులు కావు. ఫలానా రోగాన్ని గుర్తుపట్టి ఎదుర్కోవడం ఒంటికి నేర్పేది టీకా. పారుడు రోగం టీకా ఒక్కసారి వేస్తే సుమారు 3 ఏళ్లు కాపాడుతుంది. ఏ టానిక్ ఆ హామీ ఇస్తుంది? 2011 నాటికి ముసర వ్యాధి ప్రపంచంలోనే లేకుండా పోయిందంటే టీకాల వల్ల, నిఘా వల్ల.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘ఇమ్యూనిటీ’ అని ఉంటుంది. మూలన చిన్న అక్షరాలు చదవండి: చాలావాటి మీద ‘దాణాలో కలిపేది, వైద్యానికి కాదు’ అనే అర్థంలో రాసి ఉంటుంది. రైతుకు మందని చెప్పి, చట్టానికి దాణా అని చూపడం మోసం. కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది, మంచిదే. ఆ ఖాళీని రుజువు లేని పొడులతో నింపితే ఒప్పుకోం.

నట్టలు పట్టి, మేత లేక డొక్కలెండిన గొర్రెకు టీకా కూడా సరిగా పట్టదు. బీళ్లు, గుట్టలు అన్యాక్రాంతమైతే నిరోధక శక్తి సీసాలో దొరకదు.

తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. మందలు మేతకు ఏరు దాటితే రోగమూ దాటుతుంది. అందుకే మా డిమాండ్లు:

1. వానలకు ముందే నట్టల మందు, ఆ తర్వాత టీకాలు ఊరూరా ఉచితంగా వేయాలి. వలస మందలను వదలరాదు.
2. ప్రతి పశువైద్యశాలలో టీకాలకు ఫ్రిజ్, ఐసు పెట్టె ఉండాలి. మన ఎండల్లో చల్లదనం తప్పిన టీకా నీళ్లతో సమానం.
3. ఏటికి రెండు వైపులా ఒకే వారంలో టీకాలు వేసేలా రెండు రాష్ట్రాలు మాట్లాడుకోవాలి.
4. ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్మే ప్రతి సరుకుకూ రుజువు చూపించాలి, వివరాలు తెలుగులో రాయాలి.

టీకా వేయించే బాధ్యత ప్రభుత్వానిది. ఆ బరువును టానిక్ బిల్లుగా కాపరి నెత్తిన పెడితే ఊరుకోం.