పేదలెందరో సరే... పేదలెందుకయ్యారు?

2011 సెప్టెంబరులో ఓ అంకె దేశమంతా గగ్గోలు పుట్టించింది. పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగిన మనిషి పేదవాడు కాడని అప్పటి ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ డబ్బుతో రెండుపూటలా భోంచేసి చూపించండంటూ కొందరు సవాళ్లు విసిరారు. టీవీల్లో చర్చలు, పత్రికల్లో కార్టూన్లు సరేసరి. ఆ కోపం సబబే. కానీ గొడవంతా గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే ఆగిపోయింది. ఆ గీత కిందికి మనుషులు ఎలా వచ్చి పడుతున్నారన్న ప్రశ్న పెద్దగా ఎవరికీ పట్టలేదు.

విచిత్రమేమిటంటే, దారిద్య్రరేఖను తొలినాళ్లలో గీసినవాళ్లు ఈ రెండు ప్రశ్నలనూ కలిపే అడిగారు. ఇంగ్లండులో యార్క్ అనే ఊరుంది. అక్కడి చాక్లెట్ల ఫ్యాక్టరీ యజమాని కొడుకు సీబోమ్ రౌంట్రీ. ఆయన 1899లో ఇంటింటికీ మనుషుల్ని పంపి 11,560 కార్మిక కుటుంబాల వివరాలు రాయించారు. భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ ఉన్న ఇల్లు ఒంట్లో సత్తువ నిలుపుకోవాలంటే వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు కావాలని తేల్చారు. అది ఎంత బిగించి కట్టిన లెక్కంటే... అందులో రైలు ఛార్జీ లేదు, ఊరికి ఉత్తరం రాసుకోవడానికి తపాలా బిళ్ల లేదు, పిల్లలకో బొమ్మ లేదు. ఆఖరికి దినపత్రిక కూడా లేదు! పేదరికాన్ని ఎక్కువచేసి చూపిస్తున్నాడని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన పట్టుదల.

అంత కనాకష్టపు లెక్కకు కూడా సంపాదన చాలని జనం ఊళ్లో దాదాపు పది శాతం తేలారు. చేతికొచ్చే డబ్బు లెక్కకు సరిపోయినా, వేరే ఖర్చులకు పోయి లేమిలోనే బతుకుతున్నవాళ్లను కలిపితే అది 28 శాతం.

అక్కడితో ఊరుకోలేదు రౌంట్రీ. ఆ పది శాతం మందీ ఎందుకలా ఉన్నారని ఆరా తీశారు. పేదవాడంటే సోమరి, తాగుబోతు అని పెద్దమనుషులు అనుకునే రోజులవి (ఇప్పుడు మాత్రం అనుకోవడం లేదా?). వచ్చిన జవాబు వేరు. నూటికి 52 మంది ఇళ్లలో సంపాదించే మనిషి రోజూ పనికి వెళ్తూనే ఉన్నాడు, వచ్చే కూలే చాలడం లేదు. 22 మందివి పిల్లలెక్కువైన ఇళ్లు. దాదాపు 16 మంది ఇంటి పెద్ద చనిపోయి రోడ్డున పడినవాళ్లు. పని దొరకనివాళ్లు, అడపాదడపా మాత్రమే దొరికేవాళ్లు కలిపినా అయిదారుగురే. అర్ధశతాబ్దం తరవాత, 1950లో, ఆయనే అదే ఊళ్లో మళ్లీ లెక్క తీశారు. పేదలు బాగా తగ్గారు. ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మందికి పైగా ముసలితనం వల్లే పేదలు. చాలీచాలని కూలి అనే కారణం దాదాపు మాయమైంది. ఊరు అదే, కొలిచిన మనిషీ ఆయనే. మారింది కారణం. ఎంతమంది అని మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

రౌంట్రీ పుస్తకం వచ్చిన 1901లోనే లండన్లో దాదాభాయి నౌరోజీ పుస్తకమూ వెలువడింది. బ్రిటిష్ ఇండియాలో మనిషికి ఏడాదికి వచ్చేది 20 రూపాయలేనని నౌరోజీ అంతకు చాలా ముందే లెక్కగట్టారు. దాన్ని జైల్లో ఖైదీ తిండీబట్టలకయ్యే ఖర్చుతో పోల్చి, దొరతనాన్ని నిలదీశారు. ఆయన కూడా లెక్కతో ఆగలేదు. దేశం సొమ్ము ఏటా ఇంగ్లండుకు తరలిపోతోందనీ, పేదరికానికి అదే మూలమనీ వాదించారు.

తరవాత్తరవాత లెక్క మిగిలింది, ఆరా వెనకబడింది. అమెరికా సంగతి చూడండి. 1963-64లో మోలీ ఒర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని ఓ సులువైన పద్ధతి కనిపెట్టారు. అప్పట్లో అక్కడి కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతున్నాయి. కాబట్టి పొదుపైన తిండి ఖర్చును మూడుతో హెచ్చవేస్తే అదే దారిద్య్రరేఖ. ఇప్పుడు తిండికయ్యేది ఆ మూడో వంతు కన్నా చాలా తక్కువ, ఇంటద్దెలూ వైద్యమూ మాత్రం కొండెక్కాయి. అయినా అధికారిక గీత ధరల ప్రకారం పెరగడమే తప్ప దాని పునాది ఈనాటికీ ఆ పాత హెచ్చవేతే. ఐరోపా దేశాల దారి వేరు. ఆదాయాల వరసలో సరిగ్గా మధ్యనున్న మనిషికి ఎంత వస్తుందో చూసి, అందులో 60 శాతం కన్నా తక్కువ వచ్చేవారికి పేదరికం ముప్పు ఉన్నట్లు లెక్కిస్తారు. అక్కడ పేదవాడనిపించుకున్న వ్యక్తి ఇక్కడ కలవారి కిందే జమ!

దేశదేశాలకూ ఒకే గజంబద్ద ఉండాలని ప్రపంచ బ్యాంకు 1990లో 'రోజుకో డాలరు' తెచ్చింది. బ్యాంకులో మార్చుకునే డాలరు కాదది, ఏ దేశంలోనైనా ఇంచుమించు అంతే సరుకు కొనగలిగే డాలరు. ఆ గీత పెరుగుతూ పెరుగుతూ 2025 జూన్‌లో మూడు డాలర్లయింది. దాంతో ప్రపంచంలో కడు పేదల లెక్కకు ఒక్కసారిగా 12.5 కోట్ల మంది వచ్చి చేరారు. ఎవరి జేబులోంచీ ఒక్క రూపాయి కూడా పోలేదు సుమా!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే చిత్రం జరిగింది. 2004-05 సర్వే లెక్కల్ని పాత పద్ధతిలో చూస్తే పల్లెల్లో పేదలు 11.2 శాతమే. 2009లో టెండూల్కర్ కమిటీ కొత్త గీత గీసి అదే ఏడాదికి లెక్కగడితే 32.3 శాతం! ఈ రెండు అంకెలూ ఎలా పుట్టాయో తెలిసినవాళ్లు తక్కువ. తెల్లకార్డు ఎవరికివ్వాలని ఊళ్లో జరిగే తగవు మాత్రం అందరికీ తెలుసు.

దాదాపు ఆ రోజుల్లోనే ఈ రాష్ట్రపు పల్లెల్లో ఇంకో తరహా లెక్క జరిగింది. ఐఏఎస్ ఉద్యోగం వదిలి అమెరికాలో ప్రొఫెసరైన అనిరుధ్ కృష్ణ చేయించిన అధ్యయనమది. గీతలూ క్యాలరీలూ పక్కన పెట్టి ఆయన ఊరివాళ్లనే కూర్చోబెట్టి అడిగించారు. కటిక పేద ఇంట్లో నాలుగు డబ్బులు ఆడితే ముందు ఏం చేస్తారు? ఆ తరవాత? ఏ మెట్టు ఎక్కితే ఇక వాళ్లను పేదవాళ్లనరు? జవాబులు ఊరూరా ఆశ్చర్యంగా ఒకేలా వచ్చాయి. తిండి మొదటిది. రాజస్థాన్‌లో ఆ పైన పిల్లల చదువు, బట్టలు, అప్పు తీర్చడం. కెన్యాలో బట్టలు, ఇంటి మరమ్మతు, పిల్లల్ని బడికి పంపడం.

ఆపైన పాతికేళ్ల కిందట ప్రతి ఇల్లూ ఏ మెట్టు మీద ఉందో అడిగేవారు. పాతికేళ్లంటే ఎవరికి గుర్తుంటుంది? అందుకని రాజస్థాన్‌లో ఎమర్జెన్సీ నాటికి అని, కెన్యాలో అధ్యక్షుడు కెన్యట్టా చనిపోయిన ఏడాదికి అని గుర్తు చెప్పేవారు. ఇరుగుపొరుగు సంగతి ఇరుగుపొరుగుకు తెలియనిదా? ఒకరు తప్పు చెబితే ఇంకొకరు సరిదిద్దేవారు.

నల్గొండ, ఖమ్మం, తూర్పుగోదావరి జిల్లాల్లోని 36 గ్రామాల్లో తేలిందిది: పాతికేళ్లలో నూటికి 14 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 కుటుంబాలు కొత్తగా అందులో పడ్డాయి. మామూలు లెక్కలో కనిపించేదేమిటి? పేదలు రెండు శాతం తగ్గారు, అంతే. నాలుగో వంతు ఇళ్ల తలరాత తారుమారైన సంగతి ఆ 'రెండు' వెనక దాగిపోయింది.

ఎక్కే మెట్లు వేరు, జారే మెట్లు వేరు. పైకొచ్చినవాళ్లకు ఎక్కువగా కలిసొచ్చింది సేద్యానికి తోడుగా ఇంకో సంపాదన, కొందరికి సాగునీరు, కొద్దిమందికి ఉద్యోగం. పడినవాళ్లను అడిగితే ముందుగా వచ్చిన మాట జబ్బు, ఆస్పత్రి ఖర్చు. తరవాత అధిక వడ్డీల అప్పు, పెళ్లిళ్ల ఖర్చు, కరువు. ఇవి విడివిడిగా రావు. ఇంటాయన మంచాన పడతాడు, కూలి పోతుంది, మందులకు అప్పు, అప్పుకు ఎకరం చేను. ఆ మీద ఆడపిల్ల పెళ్లి. తాగుడూ సోమరితనమూ అరుదుగానే వినిపించాయి, రౌంట్రీ నాటి పెద్దమనుషులకు ఈ ముక్క రుచించేది కాదు. కెన్యా పల్లెల్లో పెళ్లికి బదులు చావు ఖర్చు కొంప ముంచుతోంది, బంధువులందరికీ భోజనాలు పెట్టాలి కదా! కానీ అక్కడా మొదటి కారణం జబ్బే. ఇవన్నీ కలిపి కృష్ణ 2010లో వెలువరించిన పుస్తకం పేరు 'వన్ ఇల్‌నెస్ అవే'. పేదరికానికి ఒక్క జబ్బు దూరంలో ఉన్నారని అర్థం.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ జారుడు మెట్టుకే అడ్డు నిలిచిన పథకం. గుండె ఆపరేషన్ ఖర్చు దాంతో తప్పింది. బీపీకీ షుగరుకూ నెలనెలా కొనుక్కునే మాత్రల ఖర్చు, మంచాన పడ్డ రోజుల కూలి మాత్రం ఇంటిమీదే పడ్డాయి.

2022-23 సర్వేను బట్టి, మూడు డాలర్ల గీత ప్రకారం దేశంలో కడు పేదలు 5 శాతం చిల్లరేనని ప్రపంచ బ్యాంకు లెక్క. పదకొండేళ్ల కిందట అది 27 శాతం. పెద్ద మార్పే, సంతోషించాల్సిందే. ఆ సర్వేలో బియ్యం, పప్పు, ఉప్పు, సెల్‌ఫోను ఖర్చు దాకా వందల ప్రశ్నలున్నాయి. పదేళ్ల కిందట ఈ ఇల్లు ఎలా ఉండేది, ఎందుకిలా అయింది అన్న ప్రశ్న మాత్రం లేదు.