మన గాలి ఎవరి లెక్కలో ఉంది?

ముందు ఒక జాబితా చదువుతాను. అందులో మన ఊరి పేరు ఎక్కడన్నా వినిపిస్తుందేమో చూడండి.

హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ. తెలంగాణ అయిపోయింది. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, కడప, ఒంగోలు, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, విజయనగరం. ఆంధ్రప్రదేశ్ కూడా అయిపోయింది.

గాలిని బాగుచేస్తామని కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రెండు రాష్ట్రాల పట్టణాలు ఇవే. దేశం మొత్తం మీద 131. మణుగూరు లేదు. పాల్వంచ లేదు. ఇల్లందు లేదు, కొత్తగూడెం లేదు. బొగ్గు తవ్వేది మన దగ్గర, దాన్ని కాల్చేది మన దగ్గర. గాలి బాగుచేసే డబ్బు మాత్రం ఇంకో చోటికి పోతుంది.

ఎందుకు లేదు అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉంది. గాలి కొలిచే స్టేషన్ల లెక్కల ప్రకారం వరుసగా ఐదేళ్లు ప్రమాణాలు దాటిన నగరాలనే జాబితాలో పెట్టారు. ఈ మాట విన్నప్పుడు సబబుగానే అనిపిస్తుంది. కానీ కొలిచే యంత్రమే లేని చోట గాలి ఎప్పుడు ప్రమాణం దాటుతుంది? ఎప్పటికీ దాటదు. ఓపెన్‌కాస్టు పక్కన ఉన్న గూడెంలో ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము ఎంత పడినా, కాగితం మీద ఆ గూడెం గాలి శుభ్రంగానే ఉంటుంది. జ్వరం చూసే థర్మామీటర్ లేదు కాబట్టి జ్వరం లేదన్నట్టు.

ఇప్పుడు కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. 2020 మార్చి, ఏప్రిల్‌లో బండ్లు ఆగాయి, ఫ్యాక్టరీలు ఆగాయి. ఢిల్లీ జనం నీలం ఆకాశం చూశారు. పంజాబ్‌లోని జలంధర్ నుంచి హిమాలయాలు కనిపించాయని ఫొటోలు తిరిగాయి. మన ఫోన్లకు కూడా వచ్చాయి. గాలి బాగుపడటం సాధ్యమేనని, పొగ ఆపితే కొన్ని రోజుల్లోనే తేడా కనిపిస్తుందని దేశం మొత్తానికి తెలిసింది. పైగా వచ్చిన జబ్బు ఊపిరితిత్తుల జబ్బు. ఇక గాలి మీద ప్రభుత్వం గట్టిగా పనిచేస్తుందని చాలామంది అనుకున్నారు.

ఏం చేసిందో తారీఖులతో చూద్దాం.

ఆ రోజుల్లో కూడా బొగ్గు అత్యవసర సేవ. గనులు నడిచాయి. 2020 మే నెలలో, మనం ఇంకా ఇళ్లలో ఉండగానే, పర్యావరణ శాఖ ఒక నిబంధన ఎత్తేసింది. గని నుంచి 500 కిలోమీటర్లు దాటి ఉన్న ప్లాంట్లు బూడిద శాతం 34 మించని బొగ్గే వాడాలన్నది ఆ నిబంధన. (అది ఉన్నప్పుడు కూడా గని పక్కన ఉన్న ప్లాంటుకు వర్తించలేదులెండి. దూరం ఊళ్లకు కడిగిన బొగ్గు, గని ఊరికి బూడిద బొగ్గు!) జూన్ 18న ప్రధాని స్వయంగా 41 బొగ్గు బ్లాకుల వేలం ప్రారంభించారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ, దాని చుట్టుపక్కల గాలి కోసం ఆర్డినెన్స్ తెచ్చి ప్రత్యేక కమిషన్ పెట్టారు. 2021లో అది చట్టమైంది. అదే ఏడాది బడ్జెట్‌లో పది లక్షల జనాభా దాటిన 42 పట్టణ ప్రాంతాల గాలి కోసం 2,217 కోట్లు ప్రకటించారు. తర్వాత స్వచ్ఛ వాయు కార్యక్రమం లక్ష్యాన్ని కూడా పెంచారు. మొదట 2024 నాటికి దుమ్ము కణాలను 20 నుంచి 30 శాతం తగ్గిస్తామన్నారు, తర్వాత 2025-26 నాటికి 40 శాతం అన్నారు.

నగరాలకు డబ్బు ఇవ్వొద్దని నేను అనడం లేదు. హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా, కూలీగా, హాస్టల్లో విద్యార్థిగా మన పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లు పీల్చేదీ అదే గాలి. కానీ ఆ డబ్బు అక్కడైనా దేనికి ఖర్చయిందో చూడండి. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే, 64 శాతం రోడ్ల దుమ్ము మీదే పోయింది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బండ్లు. ఫ్యాక్టరీల పొగ మీద పెట్టింది ఒక శాతం కూడా కాదు, 0.61.

అసలు విషయం ఇక్కడే ఉంది, కాస్త ఓపికగా చదవండి.

బొగ్గు కాల్చినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. పొగగొట్టం దగ్గరే దాన్ని కడిగేసే యంత్రాలుంటాయి, ఎఫ్‌జీడీ అంటారు. రెండేళ్లలో సల్ఫర్ పరిమితులు అందుకోవాలని 2015 డిసెంబర్‌లో కేంద్రమే నిబంధన తెచ్చింది. రెండేళ్లు గడిచాయి, గడువు పెంచారు. 2021 ఏప్రిల్‌లో, రెండో వేవ్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరిగెడుతున్నప్పుడు, మళ్లీ పెంచారు. ఆ పెంచడంలోనే ప్లాంట్లను మూడు తరగతులు చేశారు. ఢిల్లీ ప్రాంతానికి గానీ పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ 10 కిలోమీటర్లలోపు ఉంటే మొదటి తరగతి. కాలుష్యం తీవ్రంగా ఉందని గుర్తించిన ప్రాంతాలకు, ప్రమాణాలు అందుకోని నగరాలకు 10 కిలోమీటర్లలోపు ఉంటే రెండో తరగతి. మిగిలినవన్నీ మూడో తరగతి. 2022లో గడువు ఇంకోసారి పెంచారు, 2024లో మరోసారి. చివరికి 2025 జులైలో మూడో తరగతికి ఎఫ్‌జీడీ అక్కర్లేదని తేల్చేశారు. దేశంలోని బొగ్గు ప్లాంట్లలో సుమారు 78 శాతం ఆ తరగతివే.

మణుగూరుకు 10 కిలోమీటర్లలో పది లక్షల జనాభా ఉన్న నగరం ఎక్కడుంది? ప్రమాణాలు అందుకోని నగరమని జాబితాకెక్కిన ఊరు ఎక్కడుంది? ఇప్పుడు మొదట చదివిన జాబితాకు, ఈ తరగతులకు ముడి కనిపిస్తోందా? కొలిచే యంత్రం లేదు కాబట్టి జాబితాలో లేము. జాబితాలో లేము కాబట్టి గాలి బాగుచేసే నిధి లేదు. జాబితాలో లేము కాబట్టే మన పక్కనున్న పొగగొట్టానికి యంత్రం పెట్టాల్సిన పనీ లేదు. భద్రాద్రి థర్మల్ ప్లాంటు 1,080 మెగావాట్లది, నాలుగు యూనిట్లు. ఏజెన్సీ మండలాల్లో ఉన్న ఆ ప్లాంటు ఒక్కో యూనిట్‌గా ఉత్పత్తిలోకి వచ్చింది సరిగ్గా ఈ కరోనా కాలంలోనే.

ప్రభుత్వం వాదన కూడా చెప్పాలి. మన దేశపు బొగ్గులో గంధకం తక్కువ అంటారు, అది నిజమే. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉందని, యంత్రాలు పెడితే కరెంటు యూనిట్‌కు పావలా, ముప్పై పైసలు పెరుగుతుందని అంటారు. బీదవాడి కరెంటు బిల్లు గురించి ఇంత దయ మీటర్ల దగ్గర ఎందుకు కనిపించదో తెలీదు గానీ, వాదన అయితే అది. కానీ సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో అలాగే ఉండిపోదు. సన్నటి సల్ఫేట్ కణాలుగా మారుతుంది. అవే ఊపిరితిత్తుల లోపలికి దూరే పీఎం 2.5లో కలుస్తాయి, గాలితోపాటు వందల కిలోమీటర్లు పోతాయి. అందుకే వాయువుగా కొలిస్తే తక్కువ కనిపిస్తుంది, దాన్నుంచి పుట్టే నష్టం ఇంకో లెక్కలో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కు ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించొద్దంది. మన దేశపు పరిమితి 40. ఆ 40 కూడా మన గూడేల్లో కొలిచేవాళ్లు లేరు.

ఇంకో తమాషా ఉంది. నగరంలో పొగ తగ్గాలని ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను మాఫీ చేశారు, ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చారు. మంచిదే. ఆ బస్సు రాత్రి డిపోలో చార్జింగ్ పెడితే వచ్చే కరెంటులో మన బొగ్గుది పెద్ద వాటా. అంటే బస్సు వెనక గొట్టంలోంచి రావాల్సిన పొగలో కొంత పాల్వంచలో, మణుగూరులో వస్తుంది. పొగ ఊరు మారింది, అంతే.

గాలి చెడిపోతోందంటే మాత్రం వేలు మనవైపు చూపించడం అలవాటు. పోడు కాలుస్తారు, కట్టెల పొయ్యి వాడతారు అని. కట్టెల పొగ మన ఆడవాళ్ల ఊపిరితిత్తులకు చేటే, అందులో అబద్ధం లేదు. ఉజ్వల కింద సిలిండర్ ఇచ్చారు. కరోనాలో మూడు రీఫిల్లులు ఉచితంగా ఇచ్చారు కూడా. ఆ తర్వాత? బండి గుట్టమీదికి రాదు, రోడ్డు దాకా మోసుకుపోయి తెచ్చుకోవాలి, ముందు పూర్తి డబ్బు కట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకులో పడాలి, బ్యాంకు ఇంకో మండలంలో. సరిహద్దు దాటి వచ్చి బతుకుతున్న మనవాళ్లలో చాలామందికి కాగితాలే లేవు, కనెక్షన్ ఎక్కడిది? మూడు రాళ్ల పొయ్యిని, వేల టన్నుల బొగ్గు కాల్చే బాయిలర్‌ను ఒకే గాటన కట్టడం అన్యాయం.

మరి మన చేతిలో ఏముంది? అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. గని నుంచి వచ్చే డబ్బులో ఒక భాగం జిల్లా ఖనిజ నిధికి, అంటే డీఎంఎఫ్‌కు పోతుంది. 2015లో గనుల చట్టం సవరించి పెట్టారు. దాన్ని గని వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చుపెట్టాలి, కాలుష్య నియంత్రణ, వైద్యం, తాగునీళ్లు అందులో ముఖ్యమైన పద్దులు. షెడ్యూల్డ్ ఏరియాలో ఆ నిధి నియమాలు పెసాను, అటవీ హక్కుల చట్టాన్ని గమనంలో పెట్టుకుని ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆశ్రమ పాఠశాల ఆవరణలో గాలి కొలిచే యంత్రం పెట్టమని, గూడెంలో ఊపిరితిత్తుల పరీక్షల క్యాంపు ఏటా పెట్టమని గ్రామసభలో తీర్మానం చేస్తే, డబ్బు లేదని అనే వీల్లేదు. డబ్బు ఉంది, మన నేల కిందనుంచే పోయింది.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చేయాల్సింది ఇంకోటి ఉంది. పెద్ద ప్రాజెక్టు ఏదైనా పర్యావరణ అనుమతి షరతులు ఎట్లా పాటిస్తోందో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. ఇంగ్లిష్‌లో ఉంటుంది, విసుగ్గా ఉంటుంది, చదవండి. అనుమతి పత్రంలో ఎఫ్‌జీడీ షరతు ఉందా, ఉంటే పెట్టారా, 2025 తర్వాత ఆ షరతు ఏమైంది అని సమాచార హక్కు కింద అడగండి. అందులో తేలినదాన్ని కోయలో, తెలుగులో గ్రామసభ ముందు చెప్పండి. తీర్మానం ఐటీడీఏ పీవోకు ఒకటి, కలెక్టర్‌కు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి ఇవ్వండి. మూడు చోట్లా స్టాంపు వేసిన రశీదు తీసుకోండి. తర్వాత ప్రజాభిప్రాయ సేకరణకు టెంటు వేసినప్పుడు ఆ రశీదులు చేతిలో పట్టుకుని వెళ్లాలి.