రంజక పిత్తమూ, సైటోగ్లోబినూ ఒకటేనా?

ఇటీవల షాలిబండలోని నా వైద్యశాలకు వచ్చిన ఒక యువకుడు రెండు వస్తువులు నా ముందుంచాడు. ఒకటి, కాలేయం గట్టిపడుతున్నదని తెలిపే పరీక్షా పత్రం. రెండవది, "కాలేయశుద్ధి" చూర్ణపు డబ్బా. దానితో ఇచ్చిన కరపత్రంలో, పాశ్చాత్యులు నేడు చెబుతున్న సైటోగ్లోబిన్ మన రంజక పిత్తమేనని వ్రాసి ఉన్నది. గురుముఖతః ఆయుర్వేదం అభ్యసించినవాడిగా ఈ మాటను ఖండించడం నా విధి.

రక్తంలో హీమోగ్లోబిన్, కండరాలలో మయోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టి ఉంచుతాయని పాఠకులెరుగుదురు. సైటోగ్లోబిన్ ఆ కుటుంబంలోనిదే. 2001లో జపాన్ దేశపు ఒసాకాలో నోరిఫుమి కవాడ బృందం దీనిని ఎలుక కాలేయంలోని నక్షత్రాకార కణాలలో గుర్తించింది. ఈ కణాలు మామూలు వేళ 'ఏ' విటమిన్‌ను దాచుకొని ఉంటాయి. మద్యం, కొవ్వు, హెపటైటిస్ వైరస్‌లు కాలేయాన్ని దీర్ఘకాలం గాయపరచినచో, ఆ నిల్వను కోల్పోయి కొల్లాజెన్ అనే పీచును అల్లసాగుతాయి. ఇదే ఫైబ్రోసిస్, ముదిరితే సిర్రోసిస్. సైటోగ్లోబిన్ లేకుండా పుట్టించిన ఎలుకలలో ఈ పీచు అధికమైనది. దానిని బయటి నుండి ఇచ్చిన ఎలుకలలో తగ్గినది. మనుషులకు మాత్రం అది ఇంకా ఔషధంగా రాలేదు.

మన శాస్త్రంలో రంజక పిత్తం యకృత్ప్లీహములలో ఉండి రసధాతువుకు రంగునిచ్చి రక్తంగా మార్చునది. అది శరీర క్రియను వివరించే భావన. సైటోగ్లోబిన్ తూచి కొలువగల పదార్థం. రెండింటినీ ముడిపెట్టినందువల్ల ఆయుర్వేదానికి గౌరవం పెరగదు. రోగికి ప్రమాదం పెరుగుతుంది. 2021లో ముంబాయి వైద్యులు, తిప్పతీగ సేవించిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాన్ని ప్రచురించారు. దానిపై వాదప్రతివాదాలు జరిగిన మాట నిజమే. అయినను మూలిక అయినంత మాత్రాన నిరపాయకరమని నమ్మరాదు.

మన నగరం సంగతి చూడండి. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాదులోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించగా, సుమారు 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్లు తేలింది. ఈ వ్యాధికి ఇటువంటి చూర్ణపు డబ్బాలో మందు లేదు. రోగకారణాన్ని విడిచిపెట్టడమే తొలి చికిత్స అని మన శాస్త్రం 'నిదాన పరివర్జనం' పేరిట ఏనాడో బోధించింది. స్థూలకాయులు శరీర బరువులో పదవ వంతు తగ్గించుకొనగలిగితే, ఏర్పడిన పీచు సైతం కొందరిలో తగ్గుతున్నదని ఆధునిక పరిశోధనలూ చెబుతున్నాయి.

ఆ యువకునిచేత చూర్ణం మాన్పించి, కాలేయ వైద్యునికి చూపించుకొమ్మన్నాను. రాత్రి భోజనం పెందలాడే ముగించి, ప్రతి ఉదయం చెమట పట్టేటట్లు నడవమన్నాను. గృహిణులకు నా మనవి ఒక్కటే: కాలేయాన్ని శుద్ధి చేస్తామనే ప్రకటనలకు వెచ్చించే సొమ్ముతో ముందుగా రక్తపరీక్ష చేయించండి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొనే వైద్యుడే నమ్మదగినవాడు.