పాత ఫోన్‌కి కొత్త ఓఎస్: వేయాలా, వద్దా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లోనైనా నాలుగేళ్ల పాత ఫోన్ చూపిస్తే తరచూ వినిపించే మాట ఒకటే: "దీనికి అప్‌డేట్లు రావు, కొత్తది తీసీసుకోండి." యూట్యూబ్ తెరిస్తే ఇంకో మాట: "కొత్తదెందుకు? లీనియేజ్ ఓఎస్ వేసీయండి, రయ్యిమంటాది!" ఎవరి మాట వినాలి?

ముందు అసలు సంగతి. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్. 2008లోనే గూగుల్ దాని కోడ్‌ని అందరి ముందూ పెట్టింది. ఆ కోడ్ తీసుకుని ఎవరైనా తమ దారి తాము చూసుకోవచ్చు. అలా విడిపోయినదే 'ఫోర్క్'. ఉమ్మడి ఇంట్లోంచి వేరు కాపురం పెట్టినట్టన్నమాట.

యురేకా ఫోన్ గుర్తుందా? 2014 డిసెంబరులో మైక్రోమ్యాక్స్ వాళ్ల 'యు' బ్రాండ్ రూ.8,999కి తెచ్చింది. అందులో ఉన్నది సయనోజెన్ ఓఎస్. స్టీవ్ కొండిక్ 2009లో మొదలెట్టిన సయనోజెన్‌మాడ్ అనే ఫోర్క్ చుట్టూ పుట్టిన కంపెనీ దాన్ని తయారుచేసింది. రెండేళ్లకే ఆ కంపెనీ చేతులెత్తేసింది. 2016 డిసెంబరు 31తో సేవలు బంద్! కోడ్ మాత్రం అందరిదీ కదా. అదే నెలలో వలంటీర్లు దాన్ని 'లీనియేజ్ ఓఎస్' పేరుతో ఎత్తుకున్నారు. యురేకాకీ అందించారు.

బాగానే ఉంది. కానీ వలంటీరంటే జీతం లేని మనిషి. ఒక్కో మోడల్‌ని ఒకరో ఇద్దరో చూసుకుంటారు. వాళ్లకి తీరిక లేకపోతే ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆగిపోతాయి. అందుకే లీనియేజ్ సైట్‌లో మీ మోడల్ ఇప్పటికీ జాబితాలో ఉందా, చివరి బిల్డ్ ఎప్పుడొచ్చింది అన్నవి ముందు చూడండి. ఇంకో మాట, చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో లోపాలుంటే కంపెనీ సరిచేయాల్సిందే. చాలావరకు అవి ఫోర్క్ చేతిలో ఉండవు.

ఇక డబ్బు సంగతి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లోవన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత గూగుల్ పెట్టే భద్రతా పరీక్షలో ఫోన్ తప్పితే కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. వెరావల్‌కి వేటకెళ్లిన నాన్న పంపే డబ్బు ఆ ఒక్క ఫోన్‌లోనే చూసుకునే ఇల్లయితే, దాని మీద ప్రయోగాలు వద్దు.

మరి ఏం చేయాలి? కంపెనీ అప్‌డేట్లు ఇంకా వస్తుంటే ఉన్న ఓఎస్‌నే ఉంచుకోండి. అవి ఆగిపోతే యూపీఐని అప్‌డేట్లు వచ్చే ఇంకో ఫోన్‌కి మార్చండి. పాతది పాటలకీ, పాఠాలకీ మిగులుతుంది కదా, లీనియేజ్ వేయాల్సింది దాని మీదే. వేసేముందు ఫొటోలు బ్యాకప్ తీయండి. మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిచూడండి. వేరే మోడల్ ఫైల్ ఎక్కిస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇవాళే సెట్టింగ్స్‌లోకెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటిందా? అయితే ఆలోచించాల్సిన టైమొచ్చినట్టే.